యంత్రం మన చేతిలోనా? మనం యంత్రం చేతిలోనా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువు గురించో, వరకట్నం గురించో, ఐకమత్యం గురించో మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యవర్గంవారు మాకు అప్పజెప్పిన విషయం వేరు. సాంకేతిక విజ్ఞానం అంటే ఏమిటి, దానివల్ల మానవాళి భవిష్యత్తు ఏమవుతుంది అన్నది చెప్పమన్నారు. పేరు వినగానే ఇది మనకెందుకు, యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు చూసుకుంటారు గదా అనిపించవచ్చు. కాని ఈ విషయం మన ఇళ్ళల్లోకి వచ్చి కూర్చుని చాలా కాలమైంది. ఎవరి చేతిపని పోయింది, ఎవరి పిల్లకు ఉద్యోగం వచ్చింది, ఎవరి దాదీకి వేలిముద్ర పడక రేషను బియ్యం ఆగింది – ఇదంతా ఆ విషయమే. అందుచేత పెద్ద పెద్ద మాటల జోలికి ముందే పోకుండా, మనకు తెలిసిన వస్తువుతో మొదలుపెడతాం. ఆ వస్తువు దూది ఏకే విల్లు.

దూదేకులవారు, నూర్‌బాషాలు, పింజారీలు, లద్దాఫులు అని ప్రాంతానికొక పేరుతో పిలవబడే మన సోదరుల కులవృత్తి ఇది. పొడవాటి విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టడానికి చేతిలో ఇమిడే కొయ్య. అంతే సరంజామా. నరం దూదిలో ఆడుతుంటే చెత్తా మట్టీ రాలిపోయి, గట్టిపడిన పాత దూది కూడా మబ్బులా పొంగేది. ఊరూరా తిరిగి, ఇంటింటి ముందూ కూర్చుని పరుపులకూ దిండ్లకూ దూది ఏకి పెట్టేవారు. ఆ విల్లు చప్పుడు వినబడితే చాలు, పాత పరుపులు అరుగుల మీదికి వచ్చేవి.

తరువాత దూది ఏకే మిషన్లు వచ్చాయి. మనిషి రోజంతా కొట్టే దూదిని మిషను చూస్తుండగానే ఏకి పారేసింది. ఆ వెనుకనే ఫోము పరుపులూ, స్పాంజి దిండ్లూ వచ్చి అసలు దూది అవసరాన్నే తగ్గించాయి. విల్లు అటకెక్కింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ పాత రోజులు బంగారు రోజులేమీ కావు. ఏకేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ముక్కులోకీ, గొంతులోకీ పోయేది. ఏళ్ళ తరబడి దూది దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు చెడతాయని వైద్యులు చెబుతారు. కాబట్టి విల్లు పోయిందని ఏడవనక్కరలేదు. ఏడవవలసింది మరొకదానికి. విల్లు ఉన్నన్నాళ్ళు పనిముట్టు పనివాడిదే. మిషను వచ్చాక పనిముట్టు డబ్బున్నవాడిదైంది. అప్పో సప్పో చేసి మిషను కొనుక్కుని పరుపుల దుకాణం పెట్టుకున్నవారు నిలదొక్కుకున్నారు. కొనలేనివారు అదే మిషను దగ్గర కూలికి కుదిరారు, లేదా వేరే కూలి వెతుక్కున్నారు. మిషను ఇద్దరికీ ఒకటే. కాని ఒకరి ఇంట్లో దీపం వెలిగించింది, ఇంకొకరి ఇంట్లో ఆర్పింది. తేడా ఇనుములో లేదు, ఆ ఇనుము ఎవరిది అన్నదానిలో ఉంది.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. అమెరికాలో లాంగ్డన్ విన్నర్ అనే ఆలోచనాపరుడు 1980లో ప్రచురించిన ఒక వ్యాసంలో కాలిఫోర్నియా టమాటా తోటల సంగతి చెప్పాడు. అక్కడ ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులు టమాటాలు కోసే యంత్రాన్ని తయారుచేశారు. అది పొలంలో పోతూ పోతూ మొక్కను కోసి, కాయలు రాల్చి, ఏరి పెడుతుంది. మెత్తటి కాయ ఆ యంత్రం దెబ్బకు ఆగదు గనుక, గట్టిగా ఉండే టమాటా రకాలను తయారుచేశారు. రుచి కొంత తగ్గింది. యంత్రం ఖరీదు చాలా ఎక్కువ, పెద్ద కమతాలవారికే గిట్టుబాటు. 1960ల మొదట్లో అక్కడ సుమారు 4,000 మంది టమాటా రైతులు ఉంటే, 1973 నాటికి సుమారు 600 మంది మిగిలారు. పంట మాత్రం పెరిగింది. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరికీ చిన్న రైతు మీద పగ లేదు. కాని ఏ యంత్రం తయారుచేయాలి అని కూర్చున్నప్పుడు చిన్న రైతు ఆ గదిలో లేడు. దూదేకుల మస్తాను కూడా ఆ గదిలో లేడు.

ఈ యంత్రాల గురించి తత్త్వవేత్తలు ఏమన్నారో క్లుప్తంగా చెబుతాం. మామూలుగా మనందరం అనుకునే మాట ఒకటుంది – యంత్రం కత్తి లాంటిది, కూర కోయాలా గొంతు కోయాలా అన్నది మనిషి ఇష్టం అని. ఇందులో సగం నిజముంది. జర్మనీ తత్త్వవేత్త మార్టిన్ హైడెగ్గర్ 1953లో మ్యూనిచ్ నగరంలో చేసిన ఉపన్యాసంలో మిగతా సగం చెప్పాడు. ఆధునిక యంత్రం కేవలం పనిముట్టు కాదు, అది మన చూపునే మారుస్తుంది అన్నాడు. రైన్ నది మీద విద్యుత్ కేంద్రం కట్టాక నది నదిగా కనిపించదు, కరెంటు తీసే నీటి నిల్వగా కనిపిస్తుంది. అలాగే అడవి కలప నిల్వ అవుతుంది. చివరికి మనిషి కూడా పనికి వచ్చే నిల్వ సరుకుగా కనిపించే ప్రమాదముంది. ఫ్రాన్సులో జాక్ ఎల్లుల్ 1954లో వెలువరించిన గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. దేన్నైనా త్వరగా, తక్కువ ఖర్చులో చేసే పద్ధతి దొరికితే చాలు, అది మంచిదా చెడ్డదా అని అడగడమే సమాజం మానేస్తుందని హెచ్చరించాడు.

ఇవి పరాయి దేశపు పండితుల మాటలే గాని, ఇలాంటి ప్రశ్నలు మన మసీదుల్లోనూ పుట్టాయి. లౌడ్‌స్పీకరు వచ్చిన కొత్తలో దాన్ని నమాజులో వాడవచ్చునా అని మన దేశపు ఉలమాలు తర్జనభర్జన పడ్డారు. ఈనాటి కుర్రాళ్ళు విని నవ్వుతారేమో. కాని వారు అడిగిన ప్రశ్న చాలా లోతైనది. పెట్టెలోంచి వినబడేది ఇమాం సాబు గొంతేనా, లేక గొంతును పోలిన వేరే శబ్దమా? వెనుక వరుసలో ఉన్నవారు అనుసరిస్తున్నది మనిషినా, యంత్రాన్నా? ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసినవారిని విచారించి అభిప్రాయం చెప్పిన పెద్దలూ ఉన్నారు. చివరకు వాడుక స్థిరపడింది. వద్దని కొట్టివేయక, వచ్చిందే చాలని కావలించుకోక, ముందు అదేమిటో తెలుసుకొని, ఆపైన తీర్పు చెప్పే పద్ధతి అది. మనం నేర్చుకోదగ్గ పద్ధతి.

దానికి రెండో ప్రశ్న కూడా ఉంది. మైకు ఉండాలా వద్దా అన్నది తేలాక, దాని గొంతు ఎంత పెంచాలి? పక్కింట్లో జబ్బుతో ఉన్న ముసలాయన, పరీక్షకు చదువుకొనే పిల్ల, వారు ఏ మతం వారైనా సరే, వారి హక్కు ఏమిటి? ఆ మీట యంత్రంలో ఉంటుంది గాని, దాన్ని తిప్పే వేలు మనది. పొరుగువాని హక్కు గురించి ప్రవక్త ముహమ్మద్ (స) వారు ఎంతగా నొక్కి చెప్పారో మనందరికీ తెలుసు. యంత్రం వచ్చినంత మాత్రాన ఆ హక్కు రద్దు కాలేదు.

సరే, వద్దని భీష్మించుకుంటే ఏమవుతుందో, సరేనని తలూపితే ఏమవుతుందో చరిత్రలో ఒక్క ఉదాహరణ చూద్దాం. అది అక్షరాల చరిత్ర.

చదవడంతోనూ, కలంతోనూ తొలి వహీ మొదలైన సముదాయం మనది. చైనావారి కాగితపు విద్య 8వ శతాబ్దంలో సమర్‌ఖండ్‌కు చేరింది. ఆ శతాబ్దం ముగిసేలోగా బాగ్దాదులోనూ కాగితం తయారయింది. మనవాళ్ళు ఆ విద్యను ఎంత ఇష్టంగా అందుకున్నారంటే, బాగ్దాదులో కాగితాలమ్మే, పుస్తకాలు రాసిచ్చే వర్రాకుల అంగళ్ళు ఒక పెద్ద బజారే అయ్యాయి. యంత్రాలంటే కూడా మనకు భయం ఉండేది కాదు. 1206లో అల్ జజరీ అనే ఇంజనీరు రాసిన పుస్తకంలో నీళ్ళు తోడే యంత్రాలు, ఏనుగు ఆకారపు గడియారం, చేతులు కడుక్కొనే యంత్రం మొదలైన 50 వరకు సాధనాలు ఉన్నాయి. ఎలా తయారుచేయాలో కొలతలతో సహా, బొమ్మలతో సహా ఇచ్చాడాయన. తనకు తెలిసిన విద్యను దాచుకోకుండా పదిమందికి పంచాడు.

ఆ తరువాత జర్మనీలో 1450 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రం వచ్చింది. యూరపంతా పుస్తకాలు వెల్లువెత్తాయి. ఉస్మానియా తుర్కుల రాజధాని ఇస్తాంబులులో యూదులు 15వ శతాబ్దం చివరికే తమ భాషలో అచ్చు వేసుకున్నారు. కాని ముస్లింలు తమ లిపిలో అచ్చు వేయడానికి ఇబ్రాహీం ముతఫర్రికా అనే ఆయన 1727లో సుల్తాను నుంచి ఫర్మానా పొందేదాకా ఆగవలసి వచ్చింది. ఆ అనుమతి కూడా మతేతర గ్రంథాలకే. తొలి పుస్తకం, ఒక నిఘంటువు, 1729లో వెలువడింది. 1742 దాకా ఆయన వేసినవి మొత్తం 17 పుస్తకాలు. రెండున్నర వందల సంవత్సరాల ఆలస్యమిది!

దీనికి మూఢత్వమే కారణమని చాలామంది తేల్చేస్తారు. అది అంత సరికాదు. మన లిపిలో అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి రూపం మార్చుకుంటాయి, సీసపు అచ్చుల్లో ఆ అందం రాదు. చేత్తో రాసి బతికే లేఖకులు వేల మంది. గురువు నోటి నుంచి శిష్యుడు నేర్చే పద్ధతికి ఉన్న గౌరవం వేరు. చదువరులు కూడా కొద్దిమందే. ఇవన్నీ కారణాలే. కాని కారణాలు ఏవైనా ఫలితం ఒకటే. అచ్చు ఎలా ఉండాలి, ఏ పుస్తకం ముందు రావాలి, లేఖకుడికి కొత్త పని ఏం చూపించాలి అని నిర్ణయించే అవకాశాన్ని ఆ సమాజం ఆ 250 ఏళ్ళూ వదులుకుంది. రష్యా రాణి కాథరిన్ ఆజ్ఞ మీద 1787లో సెయింట్ పీటర్స్‌బర్గులో పవిత్ర ఖుర్‌ఆన్ అచ్చయింది. అంటే మన గ్రంథానికి అచ్చు అక్షరం ఎలా ఉండాలో పరాయి రాజధానిలో తేలుతున్న రోజులవి.

మన దేశానికి వస్తే కథ కొంచెం తీపిగా ఉంటుంది. రాతి మీద రాసి అచ్చు తీసే లిథోగ్రఫీ 18వ శతాబ్దం చివర జర్మనీలో పుట్టి ఇక్కడికి వచ్చింది. అందులో ఖుష్‌నవీసు చేత్తో రాసిందే రాతి మీదికి ఎక్కుతుంది, రాతి నుంచి వందల కాగితాల మీదికి దిగుతుంది. కలం బతికింది, అచ్చూ వచ్చింది! 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ స్థాపించిన ముద్రణాలయం ఈ పద్ధతిలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలను, ఖుర్‌ఆన్‌ను సైతం సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. ఆయన హిందువు. ఆయన వేసిన పుస్తకాలు చదివినవారిలో ముస్లింలు లక్షలాది. యంత్రాల్లో ఒకే రకం ఉండదు, మన చేతికి తగిన రకాన్ని ఎంచుకోవచ్చు అనడానికి ఈ రాతి అచ్చు సాక్ష్యం.

ఆ లేఖకుడు 20వ శతాబ్దంలోనూ నిలిచాడు. ఉర్దూ దినపత్రికను రాత్రంతా కూర్చుని కాతిబులు చేత్తో రాస్తే తెల్లారి అచ్చయి వచ్చేది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రాసిన వేలాది అక్షరాల కూర్పులతో నస్తాలీఖ్ లిపి కంప్యూటరులోకి ఎక్కింది. ఆ ఏడే లాహోరులో జంగ్ పత్రిక దాన్ని వాడింది. చూడండి, యంత్రంలోకి ఎక్కింది కూడా ఒక ఖుష్‌నవీసు చేతిరాతే. కాని ఒక్క చేతి రాత యంత్రంలోకి ఎక్కాక, వేల చేతులకు పని తగ్గింది. హైదరాబాదు ఛత్తా బజారులో పెళ్ళి కార్డులు రాసే ఖుష్‌నవీసుల సంగతి మీలో చాలామందికి తెలుసు. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక 21వ శతాబ్దంలోనూ చేతిరాతతోనే వెలువడింది. ప్రపంచమంతా దాన్ని వింతగా చూసింది. నిన్నటిదాకా అన్నం పెట్టిన పని నేడు వింత అయిపోయిందన్నమాట. ఉర్దూ అక్షరానికి కంప్యూటరు మేలు చేసిందా? చేసింది, సందేహం లేదు. కాతిబు ఇంటికి చేసిందా? ఆ లెక్క వేరే పుస్తకంలో రాయాలి. ఈ రెండు లెక్కలూ కలిపి చూడనివారు అభివృద్ధి గురించి మాట్లాడడానికి తగరు అని మా అభిప్రాయం.

ఈ రెండో లెక్క అడిగినవారిని లోకం ఎప్పుడూ వెనుకబడినవారని వెక్కిరించింది. ఇంగ్లండులో 1811 నుంచి కొన్నేళ్ళపాటు లుడ్డైట్లు అనే నేత పనివారు మగ్గపు యంత్రాలు పగలగొట్టారు. యంత్రాలంటే గిట్టని మూర్ఖులు అని వారి పేరే తిట్టుగా మారింది. నిజానికి వారిలో చాలామంది యంత్రాల మీద పనిచేయడంలో ఆరితేరినవారే. కూలి తగ్గించి, నాసిరకం బట్ట నేయించడానికి యంత్రాన్ని వాడుతున్నారనే వారి గోడు. ప్రభుత్వం ఆ గోడు వినకపోగా, యంత్రం పగలగొడితే ఉరిశిక్ష అని 1812లో చట్టం చేసింది.

మన గాంధీగారినీ ఇలాగే యంత్రవిరోధి అన్నారు. 1924లో ఒక యువకుడు ఆయన్ని నేరుగా అడిగితే, తన అభ్యంతరం యంత్రం మీద కాదు, యంత్రాల మీది పిచ్చి మీద అని వివరించారు. తనకు నచ్చిన యంత్రంగా సింగర్ కుట్టుమిషన్ పేరు చెప్పారు. మన సంఘం లాంటి సంఘాలు ఎక్కడున్నా వితంతువులకు కుట్టుమిషన్లు ఇవ్వడం కద్దు గదా. అందులోని కిటుకు అదే. మిషను ఇంట్లో ఉంటుంది, ఆపా చేతిలో ఉంటుంది, ఆపా అలిసిపోతే అదీ ఆగుతుంది.

కాని అక్కడితో సరిపెట్టుకుంటే చాలని మేము అనము. రెడీమేడు బట్టల రోజుల్లో మిషను చేతిలో ఉన్నా బేరం చేతిలో ఉండడం లేదు. ఆటో నడిపే మన తమ్ముళ్ళను అడగండి. ఆటో తనది, పెట్రోలు తనది, చెమట తనది. కాని ఏ బేరం వస్తుందో, రేటు ఎంతో చెప్పేది సెల్‌ఫోనులోని యాప్. వెనుకటికి పనిముట్టు ఎవరిది అని అడిగితే సరిపోయేది. ఇప్పుడు గిరాకీ దగ్గరికి పోయే దారి ఎవరిది అని కూడా అడగాలి. ఆ దారికి గేటు వేసినవాడే ఈనాటి మిషను యజమాని.

ఇక ఇప్పుడు అందరి నోటా నలుగుతున్న కృత్రిమ మేధ సంగతి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఇది ఇంటింటి మాట అయిపోయింది. పిల్లలు దానితో వ్యాసాలు రాయిస్తున్నారు, పెద్దలు అర్జీలు రాయిస్తున్నారు. అది జిన్నూ కాదు, అద్భుతమూ కాదు. మనుషులు రాసిన కోటానుకోట్ల మాటల్ని పోగేసి, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో లెక్కగట్టడం నేర్చిన యంత్రమది. ఆ లెక్క ఎంత పకడ్బందీ అంటే, మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. నిజం కానిదాన్ని కూడా అంతే ధీమాగా చెబుతుంది. పదో తరగతి పిల్లవాడికి పాఠం విడమరచి చెప్పగలదు, కంటి చూపు లేనివారికి ఉత్తరం చదివి వినిపించగలదు. ఆ మేలును కాదనము. కాని అది నేర్చుకున్నది రాసి ఉన్నదాని నుంచే. ఇంగ్లీషులో రాసి ఉన్నది సముద్రమంత. తెలుగులో ఉన్నది చెరువంత. మన ఇళ్ళల్లో మాట్లాడుకొనే తురక తెలుగు, దక్కనీ, దూది ఏకేవారి పనిమాటలు, దర్జీ మాటలు, అమ్మమ్మలు చెప్పే వైద్యం – ఇది దోసెడు కూడా లేదు. రాసి పెట్టనిది దాని దృష్టిలో లోకంలోనే లేదు. రేపు మన మనవలు తాతల గురించి ఆ యంత్రాన్నే అడుగుతారు. అప్పుడది ఏం చెబుతుంది? ఇతరులు మన గురించి రాసిందే చెబుతుంది.

మరో రకం యంత్రం మన ముఖాలు చూస్తున్నది. జాయ్ బులామ్‌వినీ, టిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 2018లో ముఖం చూసి ఆడా మగా చెప్పే 3 కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని మగవారి విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లని ఆడవారి విషయంలో నూటికి 34 దాకా తప్పులు వచ్చాయి. యంత్రానికి నేర్పిన ఫోటోల్లో ఎక్కువ భాగం తెల్లవారివి కావడం దీనికి ఒక కారణం. ముఖాలు గుర్తించే యంత్రాలను పోలీసులు వాడడం మీద దాఖలైన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. యంత్రం పొరబడితే నిర్దోషి ఎవరికి చెప్పుకోవాలి? ఏ బల్ల ముందు నిలబడాలి? బీడీలు చుట్టి, బట్టలు ఉతికి, ఇటుకలు మోసి అరిగిపోయిన వేలికి ముద్ర పడకపోతే, వేలిది తప్పా, యంత్రానిది తప్పా? మనిషైతే ముఖం చూసి, ఈమె ఫలానా వారి తల్లి గదా అని గుర్తుపడతాడు. యంత్రం కాదు పొమ్మంటే, దాని పక్కన కూర్చున్న మనిషి కూడా అదే మాట అంటున్నాడు. హైడెగ్గర్ భయపడింది ఇదే. యంత్రం పక్కన కూర్చుని కూర్చుని మనిషి చూపు కూడా యంత్రం చూపు అయిపోవడం.

కనుక భవిష్యత్తు గురించి మా మాట ఇది. భవిష్యత్తును యంత్రం తీసుకురాదు. యంత్రంతోబాటు దాని లాభం ఎవరికి, దాని భారం ఎవరికి అనే నిర్ణయం కూడా వస్తుంది. ఆ నిర్ణయం ఎక్కడో కొందరు మనుషులు తీసుకుంటారు. వద్దు అని తలుపు వేసుకున్నవారూ, సరే అని తలూపినవారూ ఇద్దరూ ఆ గదికి బయటే మిగిలిపోతారు. మన దీన్ ప్రకారం ఈ భూమి, దీని మీది సంపద, మనకిచ్చిన తెలివి – అన్నీ అమానతు. అమానతు అంటే వాడుకోవచ్చు, కాని లెక్క చెప్పాలి. జర్మనీలో పుట్టిన హన్స్ జోనాస్ అనే యూదు తత్త్వవేత్త 1979లో వెలువరించిన గ్రంథంలో దాదాపు ఇదే భావం చెప్పాడు. మన చేతిలో ఇంత శక్తి ఉన్నప్పుడు ఇంకా పుట్టనివారి పట్ల కూడా మనకు బాధ్యత ఉందన్నాడు. దారులు వేరైనా చేరిన చోటు ఒకటే.

మరి మన సంఘం ఏం చేయాలి? చిన్న సంఘం, చిన్న నిధి. అయినా నాలుగు పనులు చేయవచ్చునని మా ప్రతిపాదన.

మొదటిది, స్కాలర్‌షిప్పుల విషయం. ఒకప్పుడు మన పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు కిటకిటలాడేవి. లోయరు, హయ్యరు పాసైతే గుమాస్తా ఉద్యోగం ఖాయమనేవారు. ఎందరో ఆడపిల్లలు ఆ టకటకలతోనే ఇంటికి ఆసరా అయ్యారు. కంప్యూటరు వచ్చాక ఆ గదులు ఖాళీ అయ్యాయి. ఒట్టి మీటలు నొక్కడం నేర్చినవారు ఆగిపోయారు. మీటలతోపాటు భాష, లెక్క, ఉత్తరం రాసే పద్ధతి నేర్చినవారు కంప్యూటరు ముందూ కూర్చున్నారు. కనుక నేడు కూడా మూడు నెలల్లో మీట నొక్కడం నేర్పే కోర్సులకే మన నిధి అంతా పోయకూడదు. యంత్రం లోపల ఏముందో తెలుసుకొనే చదువుకు, గణితానికి, న్యాయశాస్త్రానికి, అందులోనూ ఆడపిల్లలకు సగం తగ్గకుండా కేటాయించాలి.

రెండోది, పనిముట్ల విషయం. ఒక్కొక్కరికీ ఒక్కొక్క మిషను ఇవ్వడం మంచిదే. దానితోపాటు పదిమంది కలిసి ఒక పెద్ద మిషను కొనుక్కోవడానికి, కలిసి బేరం తెచ్చుకోవడానికి ఖర్జె హసనా ఇద్దాం. వడ్డీ లేని ఆ అప్పు మన సంప్రదాయమే. పనిముట్టూ, గిరాకీకి పోయే దారీ రెండూ పనివారి చేతిలోనే ఉండాలి.

మూడోది, యంత్రం కాదు పొమ్మన్నవారి విషయం. వేలిముద్ర పడని ముసలివారు, పేరులో ఒక అక్షరం తేడా వల్ల పింఛను ఆగినవారు, ఫోనులో వచ్చిన మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు మన వీధుల్లోనే ఉన్నారు. ప్రతి ఆదివారం అసర్ తరువాత చదువుకున్న మన పిల్లలు ఇద్దరు సంఘం గదిలో కూర్చుని వారి కాగితాలు చూడాలి. ఏ కులమైనా, ఏ మతమైనా వచ్చినవారందరివీ చూడాలి.

నాలుగోది అన్నిటికంటే చవక. వచ్చే ఏటి సంచికకు ప్రతి ఇంటి నుంచి ఒక పేజీ రావాలి. మీ ఇంట్లో పెద్దవారు ఏ పని చేసేవారు, ఏ పనిముట్టు వాడేవారు, దాన్ని ఏమని పిలిచేవారు, ఆ పని ఎప్పుడు ఎలా ఆగిపోయింది – ఇంతే. పిల్లలు అడగాలి, దాదీలు, నానీలు చెప్పాలి. భాష ఎలా ఉన్నా పరవాలేదు, ఉన్నదున్నట్టు రాయండి. మనం రాసి పెట్టకపోతే మన సంగతి ఇంకొకరు రాస్తారు, ఆ రాసినదాన్నే యంత్రం నేర్చుకుంటుంది.

ముందు వరుసలోని పిల్లలతో ఒక్క మాట చెప్పి ముగిస్తాం. నాయనా, మీ చేతిలోని ఫోను మీకు చాలా చూపిస్తుంది. దాన్ని చూడొద్దని మేము చెప్పము, చెప్పినా మీరు వినరు లెండి! కాని ఏ కొత్త వస్తువు చేతికి వచ్చినా మూడు మాటలు అడగడం అలవాటు చేసుకోండి. ఇది ఎలా పనిచేస్తుంది? దీనివల్ల ఎవరికి లాభం? దీనివల్ల ఎవరి కూడు పోతుంది? ఈ మూడూ అడిగే పిల్లవాడు, పిల్ల మన వీధిలో పదిమంది తయారైతే, రేపు ఎక్కడో ఒక గదిలో కొత్త యంత్రం గురించి నిర్ణయాలు జరిగేటప్పుడు ఆ గదిలో మనవారు ఒకరైనా ఉంటారు. దూది ఏకిన తాతలకు దొరకని కుర్చీ అది.

 అల్లాహ్ మనకు ప్రయోజనం కలిగించే విద్యను ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలామ్.